టెక్సస్ ఫెలనీ వర్గీకరణ

టెక్సస్ ఫెలనీ వర్గీకరణ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో తీవ్ర నేరాలను శిక్షను బట్టి ఐదు తరగతులుగా విభజించే చట్టబద్ధ విధానం. 1974 జనవరి 1న అమల్లోకి వచ్చిన రాష్ట్ర శిక్షాస్మృతిలోని 12వ అధ్యాయం దీనికి ఆధారం.

క్యాపిటల్ ఫెలనీకి మరణశిక్ష లేదా పెరోల్ లేని యావజ్జీవం పడుతుంది. నేరం జరిగేనాటికి 18 ఏళ్లు నిండనివారికి ఈ రెండూ వర్తించవు. పెరోల్‌కు వీలున్న యావజ్జీవమే విధిస్తారు. ప్రథమ శ్రేణికి 5 నుంచి 99 ఏళ్ల జైలు లేదా యావజ్జీవం, ద్వితీయ శ్రేణికి 2–20 ఏళ్లు, తృతీయ శ్రేణికి 2–10 ఏళ్లు. చిన్నపాటి ఆస్తి, మాదకద్రవ్య నేరాల కోసం 1993లో చేర్చిన స్టేట్ జైల్ ఫెలనీకి 180 రోజుల నుంచి 2 ఏళ్లు. శిక్ష తక్కువైనా ఇందులో పెరోల్ లేదు. క్యాపిటల్ మినహా మిగతా నాలుగింటికీ 10,000 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు.

దొంగతనంలో శ్రేణిని సాధారణంగా సొత్తు విలువ నిర్ణయిస్తుంది: 2,500 డాలర్ల నుంచి 30,000 లోపు స్టేట్ జైల్ ఫెలనీ, 3,00,000 లేదా అంతకు మించితే ప్రథమ శ్రేణి.

పాత నేరచరిత్ర శిక్షను గణనీయంగా మారుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఫెలనీల్లో శిక్ష పడినవారు తృతీయ శ్రేణి నేరం చేసినా కనీస శిక్ష 25 ఏళ్లు, గరిష్ఠం 99 ఏళ్లు లేదా యావజ్జీవం. అలాగే స్టేట్ జైల్ ఫెలనీలో మారణాయుధం వాడినట్లు రుజువైతే తృతీయ శ్రేణి శిక్ష వర్తిస్తుంది.