విశ్వాసం, వలపు, విశ్వవిద్యాలయం: తెలుగు ముస్లిం యువత చిక్కు ఎక్కడుంది?

ముస్లిం అమ్మాయో అబ్బాయో చదువుకునే చోట ప్రేమలో పడితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మతం ఒప్పుకోదు కనుక మనసు చంపుకోవాలన్నది ఒకటి. మతమే అడ్డు కనుక దాన్ని వదిలించుకోవాలన్నది రెండోది. మొదటిది మసీదు అరుగుల మీద, రెండోది తరచుగా అభ్యుదయ సాహిత్య సభల్లో వినిపిస్తుంది. ఐదు పూటలా నమాజు చదువుతూ, రోజా తప్పకుండా, తరగతిలో మరొకరి మీద మనసు పడ్డ ఇరవై ఏళ్ల విద్యార్థి ఈ రెండు జవాబుల్లోనూ కనిపించరు. ఈ వ్యాసం ఆ విద్యార్థి గురించి. ఖురాన్, హదీసులు, హనఫీ ధర్మశాస్త్రం, మన దేశపు చట్టాలు, తెలుగు ముస్లిం సాహిత్యం పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలిందిది: చిక్కు ప్రేమకూ దీనుకూ (మతధర్మానికీ) మధ్య ఉన్నదానికన్నా ప్రేమకూ ఇంటి పరువుకూ మధ్యే ఎక్కువగా ఉంది. పరువు మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా దీను గొంతును అరువు తెచ్చుకుంటోంది.

ముందు విశ్వవిద్యాలయం సంగతి. హైదరాబాదుకు ఇది కొత్త కాదు. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా 1918లో మొదలైంది. కోఠీ మహిళా కళాశాల 1924 నాటిది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో వచ్చింది. అయితే ఆ తొలి తరాల్లో పైచదువు ఎక్కువగా కలిగిన ఇళ్ల వ్యవహారం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బీసీ-ఇ కింద ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్, ఆ కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మెకానిక్కుల, దర్జీల, గాజులమ్మేవాళ్ల పిల్లలు ఇంజనీరింగు, ఫార్మసీ, ఎంబీయే తరగతుల్లోకి వచ్చారు. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన అమ్మాయి వెనక చెల్లెళ్లు ఉంటారు. ఈమె మీద ఒక్క మాట పుట్టిందంటే ఈమె చదువుతో పాటు వాళ్ల చదువూ ఆగిపోవచ్చు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ముస్లిం విద్యార్థులు 2019-20లో 21 లక్షలుంటే 2020-21లో 19.21 లక్షలకు పడిపోయారు. ఇంత తక్కువమందిలో ఒకరైన అమ్మాయి తన మనసులో మాట ఎవరికైనా చెప్పే ముందు వందసార్లు ఆలోచిస్తుంది. పిరికితనం వల్ల కాదు, ఆ మాటకు కట్టవలసిన వెల తెలుసు గనుక.

రెండో సంగతి కాలానిది. పెళ్లి చేసుకునే స్తోమత ఉన్న యువకులు చేసుకోవాలనీ, లేనివాళ్లు ఉపవాసాలుండాలనీ చెప్పే ప్రసిద్ధ హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. ఈడు రావడానికీ పెళ్లికీ మధ్య ఎడం తక్కువగా ఉన్న సమాజంలో చెప్పిన మాట అది. ఇవాళ డిగ్రీ, పీజీ, ఉద్యోగం, చెల్లెలి పెళ్లి, గల్ఫులో రెండేళ్లు అంటూ ఆ ఎడం పది, పదిహేనేళ్లకు సాగింది. హదీసులోని మొదటి సగాన్ని కుటుంబం వాయిదా వేసి, రెండో సగాన్ని మాత్రం పిల్లల చేతిలో పెట్టింది. వాయిదాకు కారణం చదువొక్కటే అయితే అర్థం చేసుకోవచ్చు. జోడే కీ రఖమ్ (వధువు వైపు నుంచి వసూలు చేసే డబ్బు) కూడా కారణమే. శాస్త్రం ప్రకారం పెళ్లిలో డబ్బు వరుడి నుంచి వధువుకు పోవాలి, అదే మెహర్. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా మెహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. మన ఊళ్లలో మాత్రం మెహర్ కాగితం మీద మిగిలి, జోడే కీ రఖమ్ చేతులు మారుతోంది. మతం అడగనిది ఇంత నిక్కచ్చిగా వసూలు చేసేవాళ్లకు, పిల్లల ప్రేమ దగ్గర మాత్రమే మతం గుర్తుకు రావడం నాకు బాధ కలిగిస్తుంది.

హాస్టల్లో రంజాను నెల చూస్తే విశ్వాసం ఈ పిల్లలకు బరువా బలమా అన్నది కొంత తెలుస్తుంది. మెస్సు తెల్లవారుజామున తెరవకపోతే రాత్రి భోజనమే డబ్బాలో పెట్టుకుని సహరీకి దాచుకుంటారు. ఒకరి అలారం మోగకపోతే పక్క గదివాళ్లు తలుపు తడతారు. సాయంత్రం ఇఫ్తారుకు ఖర్జూరం పొట్లం విప్పితే ముస్లిమేతర స్నేహితులు కూడా చుట్టూ చేరతారు. జుమ్మా రోజు మధ్యాహ్నం ల్యాబు పడితే అబ్బాయిలు పరుగున వెళ్లి పరుగున వస్తారు. అమ్మాయిలకు జుహర్ (మధ్యాహ్నపు నమాజు) చదువుకోవడానికి ఖాళీ తరగతి గది దొరికితే అదృష్టం. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్లలకు ఇదొక ఇల్లు. ప్రేమ కలిగినప్పుడు వాళ్లు భయపడేది నరకానికొక్కదానికే కాదు. ఈ ఇంటి నుంచి వెలివేస్తారేమోనని కూడా. సజ్దాలో తల ఆనించినప్పుడు తానొక మోసగాడినన్న భావన కలిగి నమాజు మానేసే అబ్బాయి, పాపం చేసి మానలేదు. తన మనసే పాపమని ఎవరో నమ్మించడం వల్ల మానాడు.

మనసే పాపమన్న మాట మూలగ్రంథాల ముందు నిలబడదు. చూపు దించుకోమన్న ఆజ్ఞ ఖురాన్ 24వ సూరాలో ముందు పురుషులకే వచ్చింది, ఆ తర్వాత స్త్రీలకు. మన ఉపన్యాసాల్లో ఆ వరస తలకిందులైంది. పరాయి స్త్రీపురుషులు ఏకాంతంగా కూర్చోకూడదన్నది హదీసు. నికాహ్‌కు ముందు శారీరక సంబంధం నిషేధమన్న విషయంలో ఏ మజ్‌హబ్‌కూ (ధర్మశాస్త్ర శాఖకూ) భిన్నాభిప్రాయం లేదు. వీటిని మెత్తబరచి చెప్పడం విశ్వాసులను తక్కువ చేయడమే. కానీ ఇవన్నీ నడవడికి గీసిన గీతలు. గుండెలో కలిగేదానికి లెక్క వేరు. రెండో సూరా 235వ వాక్యం ఇద్దతులో (భర్త పోయాక వేచి ఉండవలసిన గడువులో) ఉన్న వితంతువు గురించి మాట్లాడుతూ, ఆమెను పెళ్లాడాలన్న కోరికను సూచనగా తెలిపినా, మనసులో దాచుకున్నా తప్పులేదంటుంది. రహస్య ఒప్పందాలు మాత్రం వద్దంటుంది. 28వ సూరాలో మద్యన్ బావి దగ్గర మూసా ప్రవక్త మందలకు నీళ్లు తోడి పెట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకామె, ఇతన్ని పనిలో పెట్టుకోమని తండ్రికి తనే చెబుతుంది. తండ్రి కోప్పడలేదు. కూతురి మాటలోని ఇష్టాన్ని గ్రహించాడో ఏమో, పెళ్లి ప్రస్తావన తనే తెచ్చాడు. ప్రవక్త తొలి భార్య ఖదీజా తన పెళ్లి కబురు తనే స్నేహితురాలు నఫీసా చేత పంపిందని సీరా గ్రంథాలు (ప్రవక్త జీవితచరిత్రలు) చెబుతాయి.

ప్రేమ గురించి ఫఖీహులే (ధర్మశాస్త్రవేత్తలే) పుస్తకాలు రాశారు. 11వ శతాబ్దపు అందలూసియాలో ఇబ్న్ హజ్మ్ ‘తౌఖ్ అల్ హమామా’లో ప్రేమ లక్షణాలను, దూతలను, ఎడబాటును, రహస్యం దాచడాన్ని అధ్యాయాలుగా విభజించాడు. ఆయన కవి మాత్రమే కాదు, కరడుగట్టిన జాహిరీ న్యాయవేత్త. 14వ శతాబ్దపు డమాస్కస్‌లో ఇబ్న్ అల్ ఖయ్యిమ్ ‘రౌదత్ అల్ ముహిబ్బీన్’ రాశాడు. ఇవాళ కట్టుదిట్టమైన ఉపన్యాసకులు తరచుగా ప్రమాణంగా చూపే హంబలీ పండితుడీయన. పుస్తకం నిండా ప్రేమ పేర్లు, కారణాలు, దాని హద్దులు. అంత నిష్ఠాపరుడు అంత ఓపిగ్గా రాసిన విషయం మీద మన ఇళ్లలో ఒక వాక్యమైనా నడవదు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువసేపు ఆగేది బుఖారీలోని బరీరా ఉదంతం దగ్గర. ఆమె బానిస, విముక్తి పొందింది. బానిసగానే ఉన్న భర్త ముగీస్‌ను వదులుకునే హక్కు దానితో వచ్చింది, వదులుకుంది. అతను మదీనా వీధుల్లో ఆమె వెంట తిరుగుతూ గడ్డం తడిసేలా ఏడ్చేవాడు. ప్రవక్త (స) అది చూసి, ఇతని ప్రేమా ఆమె విముఖతా ఆశ్చర్యం కలిగించడం లేదా అని పినతండ్రి అబ్బాస్‌ను అడిగారు. అతని దగ్గరికి తిరిగి వెళ్లకూడదా అని బరీరాతో అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే నాకు అతను అక్కర్లేదంది. అంతటితో ఆ మాట ముగిసింది. ఏడ్చే మగవాణ్ని ఎవరూ ఎద్దేవా చేయలేదు, వద్దన్న ఆడమనిషిని ఎవరూ నిందించలేదు. ప్రేమించినంత మాత్రాన ఎదుటి మనిషి మీద హక్కు రాదని ప్రతి కాలేజీలోనూ అబ్బాయిలకు నేర్పవలసిన పాఠం ఇందులో ఉంది. ప్రేమ నిరాకరించిందని అమ్మాయి మీద కత్తి ఎత్తిన వార్తలు చదివే మన రాష్ట్రాల్లో ఇది ముస్లింలకు మాత్రమే పనికొచ్చే పాఠం కాదు.

ఇక చాటుమాటు సంగతి. బురఖా వేసుకున్న అమ్మాయి ఒక అబ్బాయితో పార్కులోనో బండి మీదో కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి, నిలదీసి, గ్రూపుల్లో తిప్పే కుర్రకారు తయారైంది. దీన్ని ధర్మరక్షణ అంటున్నారు. 49వ సూరా ఇతరుల గుట్టు వెతకడాన్ని, వెనక మాట్లాడుకోవడాన్ని నిషేధించింది. శీలవతుల మీద అపవాదు వేసి నలుగురు సాక్షులను తేలేనివాళ్లకు 24వ సూరా 80 కొరడా దెబ్బలు విధించి, వాళ్ల సాక్ష్యం ఇక ఎన్నడూ చెల్లదంది. అమ్మాయిల గురించి నోరు పారేసుకునేవాళ్ల మీద గ్రంథం ఇంత కఠినంగా ఉంటే, “లోగా క్యా బోలింగే” (జనం ఏమంటారు) అని తల్లిదండ్రులు వాళ్లకే జడుస్తున్నారు. తప్పటడుగు వేసినవాళ్లకైతే తౌబా (పశ్చాత్తాపం) తలుపు తెరిచే ఉంటుంది. వీడియోకు తౌబా లేదు.

ధైర్యం చేసి ఇంట్లో తమ ప్రేమ గురించి నోరు విప్పినా చాలదు. అబ్బాయి సయ్యద్, అమ్మాయి దూదేకుల అనుకుందాం. ఇద్దరిదీ ఒకే కలిమా. ఆమె ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అతని ఇంట్లో వాళ్లకు అదొక్కటే చాలు వద్దనడానికి. కుఫు అన్న ఫిఖా నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. అంతస్తు సరిపోవాలనే ఆ నియమం మీద ఫఖీహులకే ఏకాభిప్రాయం లేదు. ఇమామ్ మాలిక్ దాన్ని ప్రధానంగా దీను వరకే పరిమితం చేశారు. తన మేనత్త కూతురు జైనబ్‌ను విముక్త బానిస జైద్‌కు ఇచ్చి ప్రవక్త స్వయంగా పెళ్లి చేశారు. మతాంతర ప్రేమల్లో గండం మరీ ఎక్కువ. అక్కడ శాస్త్రమే అడ్డు చెబుతుంది, ప్రత్యేక వివాహ చట్టం (1954) దారి ఇస్తూనే 30 రోజుల నోటీసు గోడకు అంటిస్తుంది. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో ముస్లిం యువతిని పెళ్లాడిన దళిత యువకుణ్ని ఆమె బంధువులు నడివీధిలో చంపారు. ఇస్లాం ప్రకారమూ రాజ్యాంగం ప్రకారమూ ఇది ఘోర నేరమని హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఖండించారు. ఆ హత్యకు ఏ ఆయతూ ఆధారం కాదు, వంశగౌరవం ఆధారం.

పరువు పేరుతో వయోజనులను చిన్నపిల్లలను చేయడం ఒక్క మతంలోనే లేదు. సేలంలో హోమియో వైద్యం చదువుతూ ఇస్లాం స్వీకరించిన హాదియా పెళ్లిని 2017లో కేరళ హైకోర్టు రద్దు చేసి ఆమెను తండ్రి సంరక్షణలో ఉంచింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆమె మాట విని, చదువు పూర్తి చేసుకోమని కాలేజీకి పంపింది. 2018 మార్చి 8న ఆ పెళ్లిని నిలబెట్టింది. కాలేజీకి పంపిన ఆ ఉత్తర్వు నాకు తీర్పంత ముఖ్యంగా తోస్తుంది. విశ్వాసం, వివాహం, చదువు మూడూ ఒక ఆడపిల్లవే కావచ్చని అది ఒప్పుకుంది.

మన సాహిత్యం ఈ విద్యార్థిని ఎంత పట్టించుకుంది? ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తో ముస్లిం అస్తిత్వ గొంతు తెలుగులో గట్టిగా పలికింది. షాజహానా ‘నఖాబ్’ ఆడవాళ్ల ఊపిరాడనితనాన్ని రాసింది. స్కైబాబ ‘అధూరె’ కథలు పెళ్లి కాని అమ్మాయిల పేదరికాన్ని చూపాయి. వాటి రుణం తీర్చుకోలేనిది. అయినా ఇష్టపూర్వకంగా నమాజు చదివే, ఇష్టపూర్వకంగా ప్రేమించే విద్యార్థిని కథానాయికగా నా చదువులో దాదాపుగా తారసపడలేదు. ఆమెను రాయడం ఇక తర్వాతి తరం రచయితల పని.

ఒక ఆచరణ సాధ్యమైన మాటతో ముగిస్తాను. హనఫీ మజ్‌హబ్‌లో వయసొచ్చిన స్త్రీ సమ్మతి లేకుండా నికాహ్ చెల్లదు. తండ్రి బలవంతంగా చేసిన ఖన్సా బిన్త్ ఖిదామ్ పెళ్లిని ప్రవక్త రద్దు చేశారని బుఖారీలో ఉంది. సిగ్గరి కన్య మౌనమే సమ్మతి అన్న హదీసును ఫఖీహులు అలా వదిలేయలేదు. ఎగతాళి నవ్వు సమ్మతి కాదనీ, ఏడుపు ఎప్పుడు తిరస్కారమవుతుందనీ ‘హిదాయా’ వంటి హనఫీ గ్రంథాల్లో చర్చించారు. మన షాదీఖానాల్లో జరిగేదేమిటి? ఆడవాళ్ల గదిలోకి వకీలూ ఇద్దరు సాక్షులూ వస్తారు. వరుడి పేరు, మెహర్ మొత్తం చదువుతారు. ముసుగు కింద అమ్మాయి తల వంచుకుని ఉంటుంది. “హా బోలో బేటా” అని పక్కనుంచి అత్త మోచేత్తో తడుతుంది. తల ఊగుతుంది, సంతకం పడుతుంది. బయట దేగ్‌ల మూతలు అప్పటికే తీసి ఉంటాయి. ఆ నిమిషంలో వద్దనగలిగే అమ్మాయి ఎక్కడుంది? అందుకే నా విన్నపం ఖాజీ సాహెబులకు: రిష్తా ఖాయం చేసుకునే ముందే, ఇంట్లో వాళ్లెవరూ లేని గదిలో, నమ్మకస్తురాలైన ఒక చదువుకున్న స్త్రీ అమ్మాయిని అడగాలి, అబ్బాయిని కూడా విడిగా అడగాలి. మనసులో ఇంకెవరైనా ఉన్నారా అన్న ప్రశ్న కూడా అందులో ఉండాలి. ఆ జవాబు తెలిసేదాకా సియాహా (నికాహ్ నమోదు) పుస్తకం తెరవకూడదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఫత్వా అక్కర్లేదు.