పరుగు ఒక్కటే చాలదు



1960 సెప్టెంబరు 6. రోమ్ ఒలింపిక్ క్రీడల్లో 400 మీటర్ల పరుగులో మన మిల్కాసింగ్ సెకనులో పదోవంతు తేడాతో కాంస్య పతకం పోగొట్టుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. అదే రోజు, అదే మైదానంలో మరో పరుగు జరిగింది. హెర్బ్ ఇలియట్ అనే 22 ఏళ్ళ ఆస్ట్రేలియా యువకుడు 1500 మీటర్ల దూరాన్ని 3 నిమిషాల 35.6 సెకన్లలో ముగించి, తన పేరిటే ఉన్న ప్రపంచ రికార్డును తానే తిరగరాశాడు. రెండోవాడు చేరుకునేసరికి దాదాపు 3 సెకన్లు గడిచిపోయాయి. ఆ గెలుపు వెనుక ఉన్న సాధన గురించి ఈరోజు చెప్పుకుందాం.

పరుగు పందెగాడు బరువులెత్తకూడదని ఆ రోజుల్లో చాలామంది శిక్షకులు నమ్మేవారు. కండలు పెరిగితే ఒళ్ళు బిగుసుకుపోతుందని వారి భయం. ఇలియట్ గురువు పెర్సీ సెరుటీ ఆ మాట ఒప్పుకోలేదు. దానికి ఆయన జీవితమే కారణం. నలభై దాటిన వయసులో ఆయన ఆరోగ్యం బొత్తిగా చెడిపోయింది. నడక, పరుగు, బరువులెత్తడం, సాదా తిండి, వీటితో మెల్లగా కోలుకుని, యాభై దాటాక మారథాన్ పరుగెత్తాడు.

తర్వాత ఆయన మెల్‌బోర్న్ నగరానికి దూరంగా పోర్ట్‌సీ అనే సముద్రతీర గ్రామంలో శిక్షణ శిబిరం నడిపాడు. శిష్యులు ఇసుకదిబ్బల మీదికి పరుగెత్తేవారు, సముద్రంలో ఈదేవారు, బరువులెత్తేవారు. పరుగెత్తేది కాళ్ళు మాత్రమే కాదు, ఒళ్ళంతా అన్నది ఆయన సిద్ధాంతం. ఇలియట్ పెద్దల పోటీల్లో మైలు, 1500 మీటర్ల పందేలలో ఒక్కసారీ ఓడకుండానే పరుగు విరమించాడు.

ఇందులో కిటుకేమిటని మీరడగవచ్చు. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒంటికాలి మీద మన బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. కండరం గట్టిగా ఉంటే ఆ భారాన్ని అది పంచుకుంటుంది. లేకపోతే ఎముక మీద, కీలు మీద పడుతుంది. బరువులెత్తడం, గెంతడం సాధన చేసినవారు అదే వేగాన్ని తక్కువ శ్రమతో అందుకుంటారని తర్వాతి పరిశోధనలు కూడా తేల్చాయి. ఇక ఈత, సైకిలు తొక్కడం కాళ్ళకు దెబ్బ తగలకుండానే గుండెకు, ఊపిరితిత్తులకు పని చెబుతాయి.

ఆలోచిస్తే, ఇవి మనకు కొత్త కావు. మనం తాలింఖానా అన్నా, పొరుగున కన్నడంలో గరడి మనె అన్నా, అక్కడ జరిగేది దండేలు, బస్కీలు, సంగిడిరాయి ఎత్తడం. బస్కీ అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే. కానీ తాలింఖానా కుస్తీవాళ్ళదని, రోడ్డు పరుగువాళ్ళదని మనం గిరి గీసుకున్నాం. మా ఉపాధ్యాయులమైతే మరీను, నడుముకీ తొడలకీ బలమిచ్చే గుంజీలను అల్లరి పిల్లలకు వేసే శిక్షగా మార్చేశాం. శిక్షగా చేసినదాన్ని ఏ పిల్లవాడు ఇష్టంగా చేస్తాడు?

పోలీసు, సైన్యం ఎంపికల కోసం తెల్లవారుజామునే తారురోడ్డు మీద పరుగుతీసే కుర్రాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. రోజూ పరుగు తప్ప మరొకటి చేయక, ముంగాలి ఎముక నొప్పితో పరీక్ష రోజుకు ముందే కూలబడేవారూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి అబ్బాయో, అమ్మాయో ఉంటే ఈ మాట చెప్పండి. వారానికి రెండు రోజులు రోడ్డు మానండి. బస్కీలు, దండేలు తియ్యండి. మునివేళ్ళ మీద లేచి దిగండి. కొద్దిపాటి ఇసుకమూటతో మెట్లెక్కండి. ఈత వస్తే, తోడు ఉంటే, చెరువులో ఈదండి. కొద్దికొద్దిగా పెంచండి. ఎముక మీద ఒకేచోట నొప్పి నిలిచిపోతే ఆపి, వైద్యునికి చూపించండి.

దీనికి ఖర్చు లేదు. పోర్ట్‌సీలో ఉన్నదీ ఇసుక, నీళ్ళు, కాసిని బరువులే.