లక్క మీద మిగిలిన స్మిర్నా

మాది ఏటికొప్పాక. మా తాత లక్కపిడతలు చేసేవాడు. గిర్రున తిరిగే అంకుడు కర్రకి లక్కబద్ద ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకునేది. మొగలాకుతో రుద్దితే నిగనిగలాడేది. ఆ వాసనలోనే పెరిగాను. ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసే రోజుల్లో, 1984లో మా ఓడ గ్రీసులోని పిరేయస్ రేవులో ఆగింది. ఆదివారం ఏథెన్సు వెళ్లి మొనాస్తిరాకి పాతసామాన్ల సంతలో తిరుగుతుంటే అంచు విరిగిన గ్రామఫోను ప్లేటు ఒకటి కనబడింది. విరిగినచోట వేలు పెట్టి చూశాను. లక్క!

అందులో వింతేమీ లేదు. ఆ ప్లేట్లు తయారైన కాలంలో ప్రపంచానికి లక్క చాలావరకు మన దేశం నుంచే వెళ్లేది. మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చుల మధ్య నొక్కి ప్లేట్లు తీసేవారు. మన అడవుల లక్క మీదే గ్రీకుల పాటా నిలిచింది.

కొట్టు ముసలాయన పెట్టెకి కీ ఇచ్చి ముల్లు దించాడు. వయొలిన్ వెంట ఒక ఆడగొంతు ‘అమాన్, అమాన్’ అంటూ సాగింది. మాట తక్కువ, ఆలాపన ఎక్కువ. అమాన్ అంటే దయ చూపమని. మధ్యలో మగగొంతు ఒకటి ‘యా సూ, రోజా మూ’ అని కేకేసింది. చల్లగా ఉండు, మా రోజా అని అర్థమట. పాడుతున్నది రోజా ఎస్కెనాజీ. ఆ ప్లేటు కొనుక్కుని ఓడెక్కాను. దాని వెనక కథ అప్పటినుంచీ వెతికి చదువుతూనే ఉన్నాను.

కథ గ్రీసులో కాదు, సముద్రానికి అవతల మొదలవుతుంది. స్మిర్నా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. గ్రీకులు, తురుష్కులు, యూదులు, అర్మేనియన్లు కలిసి బతికిన రేవుపట్నం. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే గ్రామఫోన్, ఓడియన్ కంపెనీల మనుషులు యంత్రాలు మోసుకుని అక్కడికీ, ఇస్తాంబుల్‌కీ వచ్చి పాటలు పట్టుకెళ్లారు. మైనపు పళ్లెం మీద గీత పడేది. దాన్ని యూరప్‌కి పంపి అచ్చు తీయించి, ప్లేట్లు తెచ్చి మళ్లీ ఆ ఊళ్లోనే అమ్మేవారు. పది అంగుళాల ప్లేటులో పట్టేది మూడు నిమిషాల చిల్లర. కాఫీ కొట్లలో గాయకుడి ఇష్టాన సాగే అమానే అనే పాట రెండు చరణపాదాలకు కుదించుకోవాల్సి వచ్చింది.

1922 సెప్టెంబరులో స్మిర్నా తగలబడింది. మరుసటి ఏడు లోజాన్ ఒప్పందంతో గ్రీసు, టర్కీల మధ్య జనాల మార్పిడి జరిగింది. దాదాపు 12 లక్షల మంది కట్టుబట్టలతో గ్రీసు చేరారు. పిరేయస్ పక్కన కొక్కినియా, ద్రపెత్సోనా వంటి పేటలు రేకులతో, చెక్కలతో లేచాయి. అక్కడివాళ్లు చాలామంది వీళ్లను సొంతవాళ్లుగా చూడలేదు. కానీ వీళ్ల వేళ్లలో వయొలిన్, ఊద్, సంతూరి ఉన్నాయి. స్మిర్నా మనిషి పనయోతిస్ తూందాస్ రికార్డు కంపెనీల్లో పాటల బాధ్యత చేపట్టాడు. రోజాని వెతికి పట్టుకున్నది ఆయనే. ఆమె ఇస్తాంబుల్‌లో పుట్టిన యూదు పిల్ల.

అమెరికాలోనూ ఇదే పాట వేరుగా పెరిగింది. కోస్ దీవిలో పుట్టిన మారికా పాపాగీకా 1918 నుంచి న్యూయార్కులో రికార్డులిచ్చింది. ఆమె భర్త సంతూరి వాయించేవాడు. పక్కన చెల్లో కూడా ఉండేది. కూలికి, కొట్టు పెట్టుకోడానికి వెళ్లిన గ్రీకులు ఆ ప్లేట్లు కొనుక్కుని ఇంటిమీద బెంగ తీర్చుకునేవారు.

1930 చివర ఏథెన్సు పొలిమేర రిజూపోలిలో కొలంబియా ఫ్యాక్టరీ మొదలైంది. ఇక ప్లేటు కోసం పరదేశం వైపు చూడనక్కర్లేదు. బుజూకీ అనే తీగవాయిద్యం ప్లేటెక్కిన దారి మాత్రం విచిత్రం. జాక్ గ్రెగరీ పేరుతో తెలిసిన హలికియాస్ 1932లో న్యూయార్కులో వాయించిన బుజూకీ ప్లేటు గ్రీసులో బాగా అమ్ముడుపోయింది. అప్పుడు కంపెనీలు పిరేయస్ సందుల్లో బుజూకీ వాయించేవాళ్లను వెతికాయి. దొరికినవాడు మార్కోస్ వమ్వకారిస్. సీరోస్ దీవివాడు, కబేళాలో తోళ్లు వలిచినవాడు. 1933 నుంచి అతని గొంతు, మీటు ప్లేట్ల మీద నిలబడ్డాయి. రెబెతికో అని ఇవాళ లోకం గౌరవించే పాట అదే.

1936 ఆగస్టు 4న మెతక్సాస్ నియంతృత్వం వచ్చింది. పాట రికార్డు చేయాలంటే ముందు ప్రభుత్వానికి చూపించాలన్నారు. తూందాస్ పాట ‘వర్వారా’ నిషేధానికి గురైంది. కొద్దికాలానికే అమానేల మీదా వేటు పడింది. ఊరు పోయి పద్నాలుగేళ్లు, ఇప్పుడు ఆ ఊరి ఆలాపన కూడా పోవాలన్నారు. 1941లో జర్మన్లు వచ్చాక రికార్డింగులే ఆగిపోయాయి. ఆ ఆకలి రోజుల్లో, 1942లో తూందాస్ కన్నుమూశాడు. రోజా దొంగ బాప్తిస్మ పత్రంతో ప్రాణం దక్కించుకుంది. 1946లో ఫ్యాక్టరీ మళ్లీ తిరిగింది. పాటలు కట్టే త్సిత్సానిస్ జర్మన్ ఆక్రమణ చీకట్ల నుంచి తెచ్చిన ‘మబ్బు పట్టిన ఆదివారం’ 1948లో ప్లేటుగా వచ్చింది.

పండితులు అసలు పట్టించుకోలేదని అనను. 1930లోనే మెల్పో మెర్లియే అనే ఆవిడ పాథే కంపెనీ చేత పల్లెపాటలు, కాందిశీకుల పాటలు రికార్డు చేయించింది. ఆమెకు దండం పెట్టాలి. కానీ కాఫీ కొట్ల పాటను, బుజూకీ మోగే హుక్కా కొట్ల పాటను దాచింది మాత్రం అమ్మకమే. అణా బేడా లెక్క చూసుకునే కంపెనీలు కాందిశీకుల జేబులో డబ్బు కోసం నొక్కిన ఈ ప్లేట్లు, పడవల నిండా వచ్చిన జనం తెచ్చుకోలేకపోయిన ఊరిని తెచ్చాయి. ఆ కేకలు గమనించండి. గాయని పేరు, వయొలిన్ వాయించేవాడి పేరు, సంతూరి మనిషి పేరు, ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. చీటీ మీద పేరు అచ్చుకాని వాయిద్యగాళ్లను చరిత్రకారులు గుర్తుపట్టింది చాలాసార్లు ఆ పిలుపుతోనే.

కొలంబియా ఫ్యాక్టరీ 1991లో మూతపడింది. 2006లో చాలాభాగం కూల్చేశారు. 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో రెబెతికోని చేర్చింది.

నా ప్లేటు విశాఖలో మా ఇంట్లో ఉంది. అంచు విరగడంతో మొదటి చుట్లు చాలా పోయాయి. ముల్లు విరుపు దాటించి పెడతాను. వయొలిన్ ఎత్తుగడ ఉండదు, పాట ‘అమాన్’ మధ్యలో నుంచే మొదలవుతుంది. కానీ ఆ కేక మాత్రం చెక్కుచెదరలేదు. ‘యా సూ, రోజా మూ.’ నేనూ ప్రతిసారీ గొంతు కలుపుతాను.