గుర్రప్పందేల్లో ‘క్లాసు’ అంటే ఏమిటి? రేటింగు, బరువుల లెక్క ఇలా ఉంటుంది

దోమ (వికారాబాద్ జిల్లా): మలక్‌పేటలో పందేలున్న రోజు పరిగి, చేవెళ్ల మీదుగా నగరానికి వెళ్లేవాళ్లలో కొందరి దారి నేరుగా రేస్‌కోర్సుకే. అక్కడ తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘పోయినసారి గెలిచింది కదా, ఈసారీ అదే గెలుస్తుంది’. ఎక్కువ మంది జేబులు ఖాళీ అయ్యేది ఈ మాట దగ్గరే. ఎందుకో తెలియాలంటే ‘క్లాసు’ అన్న పదం అర్థం కావాలి.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే ఇది స్కూలు ఆటల పోటీల్లాంటిదే. దోమ మండల స్థాయిలో వంద మీటర్ల పరుగులో ఫస్ట్ వచ్చిన పిల్లాడు వికారాబాద్‌లో జిల్లా పోటీకి వెళితే ఐదో స్థానంలో ఉండొచ్చు. వాడి పరుగు తగ్గలేదు, పక్కన పరిగెత్తేవాళ్లు మారారు. గుర్రాలదీ అదే కథ. ఎవరి మీద గెలిచింది అన్నది చూడకుండా గెలిచిందా లేదా అని మాత్రమే చూస్తే సగం సమాచారమే చేతికొస్తుంది.

హైదరాబాద్‌లో పందేలు ఎప్పటి నుంచి?

నగరంలో గుర్రప్పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో మలక్‌పేటకు మారాయి. 1911లో ఆయన చనిపోయాక పందేలు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌కు తరలిపోయి, మళ్లీ 1968లో మలక్‌పేటకు వచ్చాయి. ఇప్పుడు వీటిని హైదరాబాద్ రేస్ క్లబ్ నడిపిస్తోంది. ఏడాదిలో వానాకాలం సీజన్ ఒకటి, చలికాలం సీజన్ ఒకటి. అక్టోబర్ 2న దక్కన్ డెర్బీ నడపడం ఆనవాయితీగా వస్తోంది.

క్లాసును ఎలా విడగొడతారు?

పరుగు చూపిన ప్రతి గుర్రానికీ క్లబ్‌లోని హ్యాండిక్యాపర్ అనే అధికారి ఒక అంకె ఇస్తాడు. అదే రేటింగు. బాగా పరిగెత్తితే పెంచుతాడు, వరుసగా వెనకబడితే తగ్గిస్తాడు. ఈ రేటింగు ఆధారంగానే పందేలను మెట్లుగా విడగొడతారు. హైదరాబాద్‌లో సాధారణంగా కనిపించే మెట్లు ఇవి:

- 25 వరకు (అన్నిటికన్నా కింది మెట్టు)
- 20 నుంచి 45
- 40 నుంచి 65
- 60 నుంచి 85
- 80, ఆపైన

ఇవి కాక ఒక్కసారి కూడా గెలవని గుర్రాలకు ‘మెయిడెన్’ పందేలు వేరుగా ఉంటాయి. డెర్బీ, ఓక్స్, గినీస్ వంటి పెద్ద పందేల్లో రేటింగును బట్టి బరువు పెట్టరు, అక్కడ గుర్రాలన్నీ దాదాపు సమానం. ఉదాహరణకు ముంబైలో 1943 నుంచి జరుగుతున్న ఇండియన్ డెర్బీలో మగ గుర్రాలకు 57 కిలోలు, ఆడ గుర్రాలకు 55.5 కిలోలు. అందుకే నిజమైన క్లాసు తేలేది ఇలాంటి పందేల్లోనే అంటారు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మెట్లు అన్ని ఊళ్లలో ఒకేలా ఉండవు. బెంగళూరులో 15–35, 30–50 లాంటి మెట్లు కనిపిస్తాయి. ఎక్కడి హ్యాండిక్యాపర్ లెక్క అక్కడిదే కాబట్టి బయటి నుంచి వచ్చిన గుర్రం రేటింగును మన గుర్రాల రేటింగుతో నేరుగా పోల్చకూడదు.

బరువు లెక్క: అసలు మెలిక ఇక్కడే

రేటింగులో ఒక పాయింటు తేడా అంటే అర కిలో బరువు తేడా. మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, తక్కువ గుర్రం మీద తక్కువ బరువు పెట్టి అందరినీ ఒకేసారి గీత దగ్గరికి చేర్చాలన్నది హ్యాండిక్యాపర్ ప్రయత్నం.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. 20–45 పందెంలో 45 రేటింగున్న గుర్రం 60 కిలోలు మోస్తే, 30 రేటింగు గుర్రం మోసేది 52.5 కిలోలు. పదిహేను పాయింట్ల తేడా, ఏడున్నర కిలోలు. పై రేటింగు గుర్రం ఆ రోజు లేకపోతే మిగతావాటి బరువులన్నీ ఒకేలా పెంచుతారు.

ఇప్పుడు ఆ 45 రేటింగు గుర్రమే గెలిచింది, రేటింగు 51కి పెరిగింది అనుకుందాం. ఇక అది 20–45లో పరిగెత్తలేదు, 40–65కి ఎక్కాలి. అక్కడ 65 రేటింగు గుర్రానికి 60 కిలోలు పెడితే, 51 రేటింగుకు పడేది 53 కిలోలే. పోయిన పందెంలో 60 మోసి గెలిచింది, ఈసారి 53 మాత్రమే! చాలామంది ఇక్కడే పొరబడి ‘ఏడు కిలోలు దిగింది, ఇక తిరుగు లేదు’ అనుకుంటారు. కానీ ఆ ఏడు కిలోలు ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు. పక్కన పరిగెత్తేవి తనకన్నా మెరుగైనవి కాబట్టే తగ్గాయి. పైమెట్టులో మొదటి నుంచే వేగం ఎక్కువ. కింది మెట్టులో తీరిగ్గా ముందు నడిచిన గుర్రానికి ఇక్కడ ఊపిరి తీసుకునే సందు దొరకదు.

మెట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటం కూడా గమనించాలి. 43 రేటింగు గుర్రం రెండు పందేలకూ పనికొస్తుంది. పై లెక్కలోనే కింది మెట్టులో 59 కిలోలు, పైమెట్టులో 49 కిలోలు. ట్రైనర్ ఏది ఎంచుకున్నాడన్నది గుర్రం మీద అతని అంచనాను కొంత బయటపెడుతుంది.

రేస్ బుక్‌లో ఏం చూడాలి?

1. పాత పందేలు ఏ మెట్టులో జరిగాయి? ఫస్ట్, సెకండ్ అన్న అంకె పక్కనే రేటింగు హద్దులు, దూరం, మోసిన బరువు చదవాలి. 60–85లో నాలుగో స్థానం, 25 లోపు పందెంలో మొదటి స్థానం కన్నా గొప్పది కావచ్చు.

2. గుర్రం వయసెంత? మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు. మూడేళ్ల గుర్రం ఇంకా ఎదుగుతుంటుంది, దాని సత్తా రేటింగుకన్నా ముందు ఉండొచ్చు. ఏళ్ల తరబడి 40, 50 మధ్యే తిరుగుతున్న ముదురు గుర్రానికి అదే కొస. కాస్త పైకెళితే ఓడుతుంది, కాస్త దిగితే గెలుస్తుంది.

3. కిందికి దిగిందా? ఎందుకు? 70 నుంచి 58కి పడిన గుర్రం 40–65లోకి వస్తే తేలిక పోటీ దొరికినట్టే అనిపిస్తుంది. నిజంగా అలా ఉండొచ్చు, లేదా కాళ్ల నొప్పో, శ్వాస ఇబ్బందో ఉండొచ్చు. పాత రేటింగు పాత ఆరోగ్యానికి గుర్తు మాత్రమే.

4. ఆ పందెంలో దాని వెనక వచ్చినవి తర్వాత ఏం చేశాయి? ఓడినవి మళ్లీ గెలుస్తూ పోతే ఆ పందెం గట్టిదని అర్థం. అవన్నీ చతికిలబడితే గెలిచిన గుర్రం మీదా అనుమానం పెట్టుకోవాలి.

5. టైమింగు ఒక్కటే చాలదు. వానకు మెత్తబడ్డ నేల మీద టైమింగును పొడి నేల మీద టైమింగుతో పోల్చడం తాండూరు మార్కెట్‌లో తడి కందికీ ఎండిన కందికీ ఒకే ధర అడగడం లాంటిది.

6. కొత్త జాకీకి బరువులో మినహాయింపు ఉంటుంది. ఆ మేరకు గుర్రానికి లాభం, అనుభవం మేరకు నష్టం. రెండూ చూడాలి.

‘నైపుణ్యం’ అంటే లాభం కాదు

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తీర్పు ఇచ్చింది. టిప్పులు అమ్ముకునేవాళ్లు ఈ మాటను బాగా వాడుకుంటారు. కోర్టు చెప్పింది చట్టం సంగతి. లెక్క తెలిసినవాడికి డబ్బు మిగులుతుందని చెప్పలేదు.

పన్నుల లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల బెట్టింగుపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. ఇది గెలిచిన డబ్బు మీద కాదు, కాసే డబ్బు మీద పడేది. గెలిచినా ఓడినా పోతుంది. గెలిస్తే 30 శాతం ఆదాయపు పన్ను, దాని మీద సెస్సు. పది వేలు దాటిన గెలుపు మీద టీడీఎస్ ముందే కోస్తారు. పది పందేల్లో ఓడిన డబ్బును పదకొండో పందెంలో గెలిచిన దాంట్లోంచి తీసేసి పన్ను కడతానంటే కుదరదు. ఇక గల్లీ బుకీలు, ఫోన్‌లో రాసుకునేవాళ్ల దగ్గర కాయడం నేరం. అక్కడ గెలిచినా డబ్బు ఇప్పించమని అడగడానికి చోటు ఉండదు.

ఇస్లాంలో గుర్రాలను సాకడం, పరుగు నేర్పడం మెచ్చుకోదగిన పనులే. డబ్బు ఒడ్డి పందెం కాయడం మాత్రం జూదం, హరామ్.

క్లాసు లెక్క తెలిస్తే గుర్రాల పరుగును మరింత అర్థం చేసుకుని చూడొచ్చు. ఏ గుర్రం ఎందుకు గెలిచిందో, ఎందుకు ఓడిందో తెలుస్తుంది. కానీ ఆ లెక్కను క్లబ్ హ్యాండిక్యాపర్ ముందే చేసి, తేడాలన్నీ బరువుల్లో సర్దేసి ఉంటాడు. మైదానంలో మిగతావాళ్ల చేతిలోనూ అదే రేస్ బుక్ ఉంటుంది. కంది అమ్మిన డబ్బు జేబులో పెట్టుకుని మలక్‌పేట దారి పట్టేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన లెక్క ఇదే.