బడికి ముందటి పలుకుబడి

తెలుఁగునాఁటి విద్యాచరిత్రమును వ్రాయువారు సాధారణముగా నక్షరాభ్యాసముతో నారంభింతురు. ఓనమాలు, ఇసుక, తాటాకు, గంటము, వీథిబడి పంతులు: ఇవి యా చరిత్రమునకుఁ దొలి ప్రకరణము. కాని యయిదేండ్ల బాలుఁడు బడిలోఁ గాలిడునప్పటికే వానికి వందలకొలఁది మాటలు వచ్చును. వాని నెవరు నేర్పిరి? బడి వాని నెట్లు వినియోగించుకొనెను? ఈ ప్రశ్నలకుఁ బ్రాఁత సర్కారు పత్రములలో నొకటి పరోక్షముగాఁ గొంత సమాధాన మిచ్చుచున్నది.

మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన దేశీయ పాఠశాలల స్థితిని విచారింప నుత్తరువు చేసెను. దానికిఁ బ్రత్యుత్తరముగా బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన నివేదిక పంపెను. ఈతఁడు 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లోఁ దెలుఁగు నిఘంటువును బ్రకటించిన భాషావేత్త. 1882లోఁ బ్రత్యేకజిల్లాగా నేర్పడిన యనంతపురము సీమ యప్పటి బళ్లారిజిల్లాలోనిదే. జిల్లాలో 533 బళ్లుండెననియు, అందు 226 తెలుఁగుబళ్లనియు, 235 కన్నడపుబళ్లనియు నాతఁడు లెక్క వ్రాసెను.

ఆ నివేదిక ప్రకారము హిందూబాలుఁడు సాధారణముగా నయిదవయేఁట బడిలోఁ జేరును. పంతులును బడిపిల్లలును వాని యింటికి వచ్చి గణపతిపూజ జరుపుదురు. బాలుఁడు బియ్యములో వ్రేలితో దేవుని నామము వ్రాయును. బడిలో మొదట నిసుకమీఁద నక్షరములు దిద్దును. తరువాత గుణింతములు, పిదప మనుష్యుల పేరులు, ఊళ్ల పేరులు, జంతువుల పేరులు వ్రాయ నేర్చును. ఈ వరుస గమనింపఁదగినది. తొలుత వ్రాఁతకు వచ్చిన పేరులు బాలుఁడు ఇంటినుండి తెచ్చుకొన్నవి. ఆవును వాఁ డెఱుఁగును; దాని పేరును నెఱుఁగును; ఆ పేరునకు బడి యక్షరరూప మిచ్చెను.

ఇంటిలో నా మాటలు చేరిన క్రమ మిట్టిది. తెలుఁగిండ్లలో శిశువునకుఁ బ్రత్యేకమైన భాష యొకటి కలదు. అన్నము బువ్వ, స్నానము లాల, నిద్ర జోజో, భయము గొలుపునది బూచి. ఇవి రెండేసి యక్షరముల మాటలు, నోరు తిరుగని వయసునకుఁ దగినవి. పలుకు స్థిరపడినకొలఁదిఁ దల్లి బువ్వ యనుచోట నన్నమని పలికించును. ఇంటిపని క్రియాపదముల నందించును. రోటిలో దంచుట, చేటతోఁ జెఱుగుట, జల్లెడతో జల్లించుట, తిరుగలితో విసరుట, సన్నెకల్లుమీఁద నూఱుట: వీనికి వేర్వేఱు మాటలుండుటయు, అవ్వచెంతఁ గూర్చున్న బిడ్డ యాయా పని జరుగుచుండఁగనే యా మాటను వినుటయుఁ గలదు. అక్కకును జెల్లెలికిని, అన్నకును దమ్మునికిని వేఱుపేరులుండుటచేత మాట నేర్చుటతోఁ బాటు వరుసయుఁ దెలియును. కొంత పెద్దయైనపిదపఁ బొడుపుకథ వచ్చును. అందు వస్తువు పేరు దాఁచి గుణములు చెప్పుదురు. బిడ్డ గుణములనుబట్టి పేరు వెదకును.

మాటకును వస్తువునకును గల యీ సంబంధము బడిలోఁ బద్యపాఠముతో సడలుచున్నది. బాలురు పెక్కుపద్యములు కంఠస్థము చేయుదురనియు, వాని భాష వాడుకకు భిన్నమగుటచే నర్థ మెఱుఁగక చిలుకలవలె వల్లింతురనియు క్యాంబెల్ వ్రాసెను. అమరము, ఆంధ్రనామసంగ్రహము మున్నగు నిఘంటువులును బడిగ్రంథములలో నాతఁడు పేర్కొన్నవి. వల్లెవేయుట నిష్ఫలమని చెప్పరాదు. చదువు సాగించినవానికిఁ గాలక్రమమునఁ బర్యాయపదముల యర్థము విశదమగును. కొలఁదియేండ్లకే బడి మానిన బాలునకు మాత్ర మా కాలము రాదు. వానికి మిగిలిన ధ్వని యర్థములేనిదే.

నివేదికలోని యంకెలు మఱియొక సంగతిని దెలుపుచున్నవి. జిల్లాజనము 9,27,857, విద్యార్థులు 6,641, అందు బాలికలు 60 మంది మాత్రమే. అనఁగాఁ దొలిమాటలు నేర్పిన తల్లులును అవ్వలును జాలవఱకు బడి నెఱుఁగనివారు. మన్రో యడిగినది బళ్ల లెక్క కావున వారి బోధనము పట్టిక కెక్కకుండుట క్యాంబెల్ దోషము కాదు. ఆ పట్టికయే విద్యాచరిత్ర మని యెంచినచో, చదువురానివారుగా నెంచఁబడినవారే చదువునకు మూలధనము నిచ్చిరను సత్యము మఱుగుపడును.

తరువాతి కాలపు బాలశిక్షలలో రెండక్షరముల మాటలు, మూఁడక్షరముల మాటలు అని వ్రాఁతనుబట్టి పదములు కూర్పఁబడినవి. బిడ్డ యా మాటల నెఱిఁగియే వచ్చునను విశ్వాసమే యా కూర్పునకు నాధారము. నేఁడు రోలును దిరుగలియు మూలఁబడిన యిండ్లు పెక్కు. వానితోఁ గూడిన క్రియాపదములు బిడ్డల చెవిఁ బడుట తగ్గినది. 1975లో నారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడీలయందు 3 మొదలు 6 ఏండ్లవఱకుఁ గల బిడ్డలకుఁ బూర్వప్రాథమికవిద్యను జేర్చుటచే నింటికిని బడికిని నడుమ నొక మెట్టేర్పడినది. ఆ మెట్టుమీఁదనున్న యుపాధ్యాయులు బిడ్డ యే మాటలు తెచ్చెనో మొదట విచారింపవలసియున్నది. ఎఱిఁగిన పేరును ముందుగా వ్రాయించిన 1823 నాఁటి యిసుకబడి క్రమము అందులకు మేలైన యుదాహరణము.