అడ్డంకియు న్యాయమును: గోల్ఫ్ నియమముల పూర్వకథ

ఢిల్లీ నగరమున ఉద్యోగరీత్యా నివసించు మనలో పెక్కుమంది గోల్ఫ్ క్లబ్బు ప్రహరీ ప్రక్కగా నడచిపోయినవారే. ఆ పచ్చిక బయలులో లాల్ బంగ్లా మొదలైన మొగలాయీలనాటి సమాధి మందిరములు నేటికిని నిలిచియున్నవి. ఆటగాడు కొట్టిన బంతి పోయి అట్టి గోడ మొదట ఆగినచో నాతడేమి చేయవలెను? గోడను కదల్పలేడు, దానిని ఆనుకొని కర్రను ఆడింపలేడు. చూపునకు చిన్నదైన ఈ ప్రశ్నలో న్యాయమునకు సంబంధించిన పెద్ద విషయ మొకటి యిమిడియున్నది.

గోల్ఫ్ క్రీడకు మూలసూత్రము ఒక్కటే: బంతి ఎచ్చట నిలిచెనో అచ్చటనుండియే కొట్టవలెను. 1744వ సంవత్సరమున స్కాట్లండులోని ఎడింబరో నగరపాలకులు ఒక వెండి గోల్ఫ్ కర్రను బహుమానముగా నొసగగా, లీత్ మైదానమున ఆడు పెద్దమనుషులు పందెము నిర్వహించుటకై పదుమూడు నియమములను వ్రాసికొనిరి. మనకు లభించు వ్రాతపూర్వక గోల్ఫ్ నియమములలో నివియే మొదటివి. ఆ పందెమున గెలిచినవాడు జాన్ రాట్రే అను శస్త్రవైద్యుడు.

ఆ పదుమూడింటిలోనే వెసులుబాటునకు బీజములు పడినవి. బంతి నీటిలోగాని బురదలోగాని పడినచో పైకి తీసి, ఆ అవరోధమునకు వెనుక నుంచి ఆడవచ్చును. కాని అందులకు ప్రతిగా ఎదుటివానికి ఒక దెబ్బ లాభము ఈయవలెను. మైదానమును కాపాడుటకై త్రవ్విన కాలువలు, కట్టిన గట్లు, సైనికులు ఏర్పరచిన గీతలు అడ్డమైనచో మాత్రము అవి అవరోధములుగా లెక్కకు రావు. బంతిని తీసి, ఇనుపకర్రతో ఆడుకొనవచ్చును, నష్టపరిహారము లేదు. ఈ తారతమ్యమును గమనింపుడు. ప్రకృతి కల్పించిన కష్టము ఆటలోని భాగము. దానిని తప్పించుకొనగోరువాడు మూల్యము చెల్లింపవలెను. మనుష్యుడు వేరొక ప్రయోజనమునకై తెచ్చిపెట్టిన అడ్డంకికి ఆటగాడు బాధ్యుడు కాడు.

1754లో సెయింట్ ఆండ్రూస్ ఆటగాండ్రు ఇంచుమించుగా ఇవే నియమములను స్వీకరించిరి. బ్రిటిష్ దీవులకు వెలుపల తొలి గోల్ఫ్ క్లబ్బు 1829లో మన కలకత్తాలోనే వెలసెను. ఆట విస్తరించినకొలది ఒక్కొక్క క్లబ్బునకు ఒక్కొక్క పద్ధతి ఏర్పడుటచే చిక్కులు పెరిగినవి. 1899లో సెయింట్ ఆండ్రూస్ సంఘము ఏకరూప నియమావళిని వెలువరించెను. 1952 నుండి బ్రిటిష్, అమెరికన్ సంఘములు రెండును ఉమ్మడి నియమములను అనుసరింపసాగినవి.

ఈ చరిత్రలో మరపురాని ఘట్టము 1940 నాటిది. లండను సమీపమున రిచ్‌మండ్ క్లబ్బు మైదానముపై శత్రు విమానముల బాంబులు పడుచుండగా, క్లబ్బువారు తాత్కాలిక నియమములను ప్రకటించిరి. శత్రుచర్యచే బంతి కదలినచో యథాస్థానమున ఉంచవచ్చును. నశించినచో దండన లేకయే వేరొకదానిని జారవిడువవచ్చును. కాని కొట్టు క్షణముననే బాంబు ప్రేలి గురి తప్పినచో, అచ్చటనుండియే మరల కొట్టుటకు ఒక దెబ్బ దండన! నవ్వు పుట్టించునదే యైనను, ప్రాణభయములో సైతము నియమమును విడువని పట్టుదల ఇందు కానవచ్చును.

2019లో సవరింపబడిన నియమావళి ప్రకారము రాయి, ఆకు, పుల్ల వంటి విడి ప్రకృతి వస్తువులను తొలగింపవచ్చును. 1999లో అరిజోనాలో టైగర్ వుడ్స్ బంతికి ఎదురుగా నున్న పెద్ద బండను ప్రేక్షకులు పలువురు కూడి దొర్లించుటయు ఈ సూత్రము క్రిందనే చెల్లినది. కదలని కట్టడము నిలుకడకుగాని కర్ర విసరుటకుగాని అడ్డమైనచో, అడ్డు పూర్తిగా తొలగు సమీప స్థానమును గుర్తించి, అచ్చటనుండి ఒక కర్ర పొడవులోపల, గుంటకు దగ్గర కాకుండ, బంతిని మోకాలి ఎత్తునుండి జారవిడువవలెను. 1984 వరకు భుజము మీదుగా వెనుకకు వదలుట ఆచారము. గోడ గురికి అడ్డము వచ్చినంతమాత్రమున సాధారణముగా వెసులుబాటు లేదు. మైదానపు సరిహద్దు గోడకును లేదు. సెయింట్ ఆండ్రూస్ పదునేడవ గుంట చెంతనున్న బాటపై బంతి పడినచో నది ఆటలో భాగమే, అచ్చటనే ఆడవలెను.

కావున వెసులుబాటనగా దయాదానము కాదు, లాభమార్గమును కాదు. అన్యాయముగా కలిగిన అడ్డును తొలగించుట ఎంతవరకో అంతవరకే దాని హద్దు. ఆ సమీప స్థానము ముండ్లపొదలో నున్నను అదియే స్థానము. ఇష్టము లేనివాడు గోడ ప్రక్కనుండియే ఆడుకొనవచ్చును. గోల్ఫ్‌లో పెక్కుసార్లు ఆటగాని వెంట న్యాయనిర్ణేత ఉండడు. కర్రతో కొలిచి, బంతిని జారవిడిచి, దండన యున్నచో తన లెక్కలో తానే వ్రాసికొనవలసినవాడు ఆటగాడే.

నియమములను, మినహాయింపులను నిత్యము పరిశీలించు మన ఉద్యోగివర్గమునకు ఇది పరిచితమైన ధర్మమే. మినహాయింపు కోరువాని కష్టము నిజముగా అతడు కొనితెచ్చుకొననిదేనా? ఇచ్చు సౌకర్యము ఆ కష్టమునకు సరిపోవునా, మించునా? ఈ రెండు ప్రశ్నలను లీత్ పెద్దమనుషులు ఒక ఆటకై 1744లోనే వేసికొనిరి. మన బల్లమీది ప్రతి దరఖాస్తును ఈ రెండింటితో తూచి చూచినచో, నియమమును నిలుచును, న్యాయమును నిలుచును.