ఫొటో నెగటివ్‌తో చేప ఎరకు పైపూత

ఫిన్లాండ్‌లోని పైయన్నె సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే లౌరి రాపాలా, 1936లో చెప్పులు కుట్టే కత్తితో కార్కును చిరుచేప ఆకారంలో చెక్కి, పొలుసుల మెరుపు కోసం చాక్లెట్లకు చుట్టే తగరపు రేకును అంటించి, లక్కర్ కొనే స్తోమత లేక ఫొటో నెగటివ్‌లను కరిగించి పైపూతగా వాడుకున్నాడు. నేడు దేశదేశాల్లో అమ్ముడుపోయే రాపాలా ఎరల మూలపురుషుణ్ణి నీటి నుంచి కాపాడినది, ఎవరివో ముఖాలను మోసిన ఫిల్ము అన్నమాట.

ఆ పూత లేనిదే ఎర నిలవదు. పైక్ వంటి వేటచేపల పళ్లకు రేకు చిరిగిపోతుంది. తేలికపాటి చెక్కలోకి నీరు చేరితే బరువు మారి, గాయపడ్డ చేపపిల్లలా అటూ ఇటూ ఊగుతూ ఈదే నడక చెడిపోతుంది. రాపాలా ప్రతిభ అంతా ఆ నడకను పసిగట్టడంలో ఉండగా, దానిని పదిలపరిచినది మాత్రం కంటికి కనబడని ఈ పలుచని పొర.

ఆనాటి ఫిల్ములో చాలాభాగానికి ఆధారం నైట్రోసెల్యులోజ్, అంటే దూదిని నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంలో ముంచగా ఏర్పడే పదార్థం. 1846లో క్రిస్టియన్ షోన్‌బైన్ లోకానికి వెల్లడించిన ఈ పదార్థం మొదట తుపాకిమందుగా పేరుపొంది, ఈథర్, ఆల్కహాల్‌ల మిశ్రమంలో కరిగి గాయాలపై పూతగా, 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ చేతిలో ఫొటో పలకల మీది పొరగా, 1889లో ఈస్ట్‌మన్ సంస్థ ఫిల్ముగా, 1920లలో డ్యూకో పేరిట మోటారు కార్ల రంగుగా అవతారాలెత్తింది. ఫిల్మును మరో వస్తువుగా మార్చడం కూడా రాపాలాతో మొదలుకాలేదు; మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సినిమా దర్శకుడు జార్జ్ మెలియెస్ చిత్రాల ప్రతులు అనేకం ఫ్రాన్సులో బూట్ల మడమలయ్యాయి. పేదరికం చూపిన ఉపాయాన్ని మెచ్చుకోవలసిందే గాని, అలా కరిగిపోయిన బొమ్మలు తిరిగి రావన్నది కూడా నిజమే.

రాపాలాకు ముందు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు డౌవాజియాక్‌కు చెందిన తేనెటీగల పెంపకందారు జేమ్స్ హెడన్ చెక్కిన ఎరలపై రంగు, వార్నిష్ ఉండేవి. రాపాలా తరువాత జపాన్‌లో చేతిపని ఎరలవారు నైట్రోసెల్యులోజ్ ద్రావణంలో ఎరను ముంచి, వేలాడదీసి, తోక దగ్గర చేరిన బొట్టును తుడిచి, ఆరాక మళ్లీ ముంచుతూ పొరమీద పొర పెంచే పద్ధతిని స్థిరపరిచారు. వానాకాలంలో ఈ పని ఓర్పుకు పరీక్ష. ఎందుకంటే ద్రావణి ఆవిరవుతూ పూతను చల్లబరచడంతో గాలిలోని తేమ దానిపై చేరి, అద్దంలా ఉండవలసిన పొర పాలవిరుగుడులా తెల్లబారుతుంది.

ఆ తరువాతి కథ వేగంగా నడిచింది. ఒట్టో బాయర్ బృందం 1937లో కనిపెట్టిన పాలియురెథేన్, పియెర్ కాస్టన్, సిల్వన్ గ్రీన్లీల కృషి ఫలితమైన ఎపాక్సీ, తరువాత అతినీలలోహిత కాంతికి గట్టిపడే రెసిన్లు, వేరే పరిశ్రమల కోసం పుట్టి ఎరల పనిలోకి వచ్చాయి. ఎపాక్సీలో రెసిన్‌ను, దానిని గట్టిపరిచే ద్రవాన్ని కలిపి పూసి, పూత జారి ఒకచోట పేరుకోకుండా ఎరను మెల్లగా తిరిగే చక్రానికి బిగిస్తారు. ఒక్క పూతతో దక్కే ఈ గట్టిదనాన్ని తక్కువచేసి చెప్పనక్కరలేదు.

అయితే పోయినదీ ఉంది. సెల్యులోజ్ కొత్త పూత పాత పూతను కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది గనుక, అరిగిన ఎరను మళ్లీ ముంచి నిలబెట్టుకోవచ్చు. ఎపాక్సీ అలా కరగదు, ఒకచోట పగిలి లోపలికి నీరు చేరితే గీకి తీసి మళ్లీ పూయవలసిందే. మందమైతే తేలిక ఎర నడకనూ మందగింపజేస్తుంది. కాబట్టి చేత్తో ఎరలు చేసేవారు పైపూతను ఎంచుకునేటప్పుడు అది ఎంతకాలం మన్నుతుందన్నదే కాక, చెడితే బాగుచేసుకోగలమా అన్నది కూడా చూసుకోవాలి.